కుందేళ్లకు ఇంట్లోనే ఎండాకుల తాయిలాలు: ఎండితే పోయేది నీరొక్కటే

ప్రశ్న: మా ఇంట్లో రెండు కుందేళ్లున్నాయి. రెండేళ్ల వయసు, ఒక్కొక్కటి రెండు కిలోల దాకా తూగుతుంది. ఇన్నాళ్లూ షాపులో దొరికే రంగురంగుల ట్రీట్ ప్యాకెట్లు పెట్టేదాన్ని. ఓ రోజు ప్యాకెట్ వెనక ఏమేం కలిపారో చదివి మానేశాను. ఆకులు, పూలు ఇంట్లోనే ఎండబెట్టి పెడదామని పుదీనాతో మొదలుపెట్టాను. శుభ్రంగా కడిగి ఎండలో పోస్తే సాయంత్రానికల్లా నల్లబడిపోయింది, ఏదో వాసన కూడా వచ్చింది. ఏ ఆకులు ఎండబెట్టొచ్చు? ఎలా ఎండబెట్టాలి? రోజుకు ఎంత పెట్టొచ్చు, ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి? ఓట్స్, అరటిపండు, తేనె కలిపి చేసే కుందేలు బిస్కెట్ల వీడియోలు చూశాను, అవి మంచివేనా? ఇంకో మాట, ట్రీట్లు మరిగాక రెండూ ఎండుగడ్డి సరిగ్గా తినడం లేదు.

సమాధానం: ఎండుగడ్డి సంగతి మీరు చివర్లో ‘ఇంకో మాట’గా రాశారు గానీ, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. కుందేలు తిండిలో నూటికి ఎనభై పాళ్లకు తగ్గకుండా గడ్డి ఉండాలి, పచ్చిదైనా ఎండుదైనా. దాని పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. గడ్డిని దవడ పక్కలకు తిప్పుతూ గంటల తరబడి నూరితేనే వెనక పళ్లు సమంగా అరుగుతాయి. పేగులు ఆగకుండా కదలాలన్నా ఆ పీచే ఆధారం. అందుకని మీరు చేయబోయే తాయిలం గడ్డితో పోటీ పడకూడదు, కుందేలును గడ్డి దగ్గరికి రప్పించాలి. ఈ పనికి ఎండాకులు చక్కగా సరిపోతాయి. బిస్కెట్లు సరిపోవు. ఎందుకో తర్వాత చెబుతాను.

అయితే ముందు ఒకటి తేల్చుకోండి. నిన్నమొన్నటి దాకా గడ్డి బాగా తిన్నది ఇప్పుడు మానేసిందంటే అది అలకే కానక్కర్లేదు. గడ్డం కింద బొచ్చు తడిగా ఉందా? గడ్డి నోట్లో పెట్టుకుని మళ్లీ వదిలేస్తోందా? పెంటికలు మునుపటి కంటే చిన్నవయ్యాయా? ఇందులో ఏ ఒక్కటి కనిపించినా దవడ పళ్లు మొనదేలి నాలుకకో బుగ్గకో గుచ్చుకుంటున్నాయేమో పశువైద్యుడికి చూపించాలి. పంటి నొప్పి ఉన్న కుందేలు మెత్తటివి ఆత్రంగా తింటుంది, గడ్డి మాత్రం వదిలేస్తుంది. బయటికి చూస్తే అచ్చం మారాంలాగే ఉంటుంది.

పళ్లు బాగానే ఉన్నాయనుకుందాం. ఇక ఎండబెట్టడం. ఆకు ఎండితే అందులోంచి పోయేది నీరొక్కటే. కాస్త సువాసన, కొన్ని విటమిన్లు కూడా పోతాయనుకోండి. కానీ చక్కెర పోదు, కాల్షియం పోదు, విషం ఉంటే అదీ పోదు. అన్నీ చిక్కబడి అక్కడే కూర్చుంటాయి. కొత్తిమీరలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. పెద్ద కట్ట ఎండబెడితే మిగిలేది గుప్పెడు. ఆ గుప్పెడు మీ కుందేలు నిలబడ్డపళాన నమిలేస్తుంది, అంటే కట్ట మొత్తం ఒక్క పూటలో తిన్నట్టే. ఏది ఎండబెట్టాలి, ఎంత పెట్టాలి అని మీరు అడిగిన వాటికి సగం జవాబు ఇందులోనే ఉంది.

మీ పుదీనా సంగతి. పుదీనా ఆకు నలిగినా, కమిలినా దానిలోని ఎంజైములు గాలి తగిలి ఆకును నల్లగా మార్చేస్తాయి. కడిగిన తడి పూర్తిగా ఆరకముందే మీరు దాన్ని పోసుంటారు. పైన ఉన్న ఆకు ఎండకు మాడింది, కింద ఉన్న ఆకు తడికీ వేడికీ ఉడికింది. వాసన ఆ ఉడికిన ఆకుదే. దాన్ని పారేయండి, కుందేళ్లకు పెట్టొద్దు.

ఈసారి ఇలా చేయండి. పొద్దున మంచు తడి ఆరిపోయాక, ఎండ ముదరకముందు కోయండి. ఆకుకూరల జాతి మొక్కలైతే పూత రాకముందు కోసిన ఆకుకే రుచీ వాసనా ఎక్కువ. మీ కుండీలో, మీ చేతి కింద పెరిగినదైతే కడగాల్సిన పనే లేదు, దులిపితే చాలు. కొన్నదైతే కడగక తప్పదు. అప్పుడు నీళ్లు బాగా విదిలించి, పొడి గుడ్డల మధ్య పరిచి, మెల్లగా అద్ది, ఆకు మీద చుక్క కూడా లేదని చూసుకున్నాకే ఎండబెట్టడం మొదలుపెట్టండి. పసుపు పట్టినవి, పురుగు తిన్నవి, మచ్చలున్నవి అప్పుడే ఏరేయండి. ఎండాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఏరడం కుదరదు.

ఎండలో వద్దు. నీడపట్టున, గాలి ఆడే చోట పెట్టండి. ఎండ ఆకుపచ్చదనాన్ని, దాంతో పాటు కెరోటిన్‌ను కూడా విరగ్గొడుతుంది. పలచటి గుడ్డ మీదో, జల్లెడలాంటి వల మీదో ఆకు మీద ఆకు పడకుండా ఒక్క పొరగా పరచండి. కింద నుంచి కూడా గాలి తగిలితే ఇంకా మంచిది. రోజుకోసారి తిరగేయండి. కాడలు పొడుగ్గా ఉంటే నాలుగైదు కాడలను చిన్న కట్టగా కట్టి తలకిందులుగా వేలాడదీయొచ్చు. కట్ట లావైతే మధ్యలో బూజు పడుతుంది. పొడి వాతావరణంలో పలచటి ఆకులకు రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ముసురు పట్టినప్పుడు ఇలా ఎండవు, టైం వేస్ట్. ఫ్యాన్ పెట్టండి, లేదా డీహైడ్రేటర్ ఉంటే ఆకులకు 40 డిగ్రీల దగ్గర, పూలకు ఇంకాస్త తక్కువలో పెట్టండి. ఒవెన్ అయితే దానిలో ఉన్న అతి తక్కువ వేడి మీద తలుపు కొద్దిగా తెరిచి ఉంచి, పక్కనే ఉండి చూసుకోవాలి. మైక్రోవేవ్ నేను చెప్పను. ఒక ఆకు మాడుతుంది, పక్క ఆకు పచ్చిగా ఉంటుంది, ఒక్కోసారి నిప్పు కూడా అంటుకుంటుంది.

ఎండిందో లేదో ఆకు అంచు పట్టుకుని చూస్తే తెలియదు. అంచు ఎప్పుడూ ముందే ఎండుతుంది. ఆకు మధ్య ఈనె చూడండి, తొడిమ చూడండి. ఈనెను వంచితే టక్కున విరగాలి. వంగిందంటే లోపల ఇంకా చెమ్మ ఉన్నట్టే, ఆకు వేళ్ల మధ్య పొడి అవుతున్నా సరే. ఈనె లావుగా ఉండే ఆకులకు మీరనుకున్న దానికంటే ఒకటి రెండు రోజులు ఎక్కువే పడుతుంది.

ఆ తర్వాత నేరుగా అటక మీద పెట్టేయొద్దు. ఎండిన ఆకులను గాజు సీసాలో సగం దాకా వదులుగా వేసి మూత పెట్టి, వారం రోజులు కళ్లెదురుగా ఉంచండి. రోజూ ఓసారి సీసా కుదిపి, వెలుతురుకు ఎత్తి లోపలి గోడ చూడండి. గాజు మీద సన్నటి ఆవిరి పట్టినట్టు కనిపించినా, ఆకులు ఒకదానికొకటి అంటుకుని ముద్దగా కదిలినా, మొత్తం బయటికి తీసి మళ్లీ ఎండబెట్టాలి. మూత తీయగానే ఎండుగడ్డి వాసన రావాలి. ముక్కిన వాసన వచ్చినా, ఒక్క ఆకు మీద తెల్లటి నూగు కనిపించినా ఆ సీసా అంతా చెత్తలోకే. బూజు పట్టిన ఆకొక్కటి తీసేసి మిగతాది వాడుకుందాం అనుకోవద్దు. బూజు పుట్టించే అఫ్లాటాక్సిన్ల లాంటి విషాలకు తట్టుకోలేని జంతువుల్లో కుందేలు ముందు వరసలో ఉంటుంది. పైగా అది వాంతి చేసుకోలేదు, లోపలికి పోయిందంటే పోయినట్టే.

సగం ఎండిన మేత ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. 1920లలో అమెరికా, కెనడా మైదానాల్లో పశువులు ఉన్నట్టుండి రక్తం కారి చనిపోసాగాయి. కొమ్ము కోసినా, చిన్న గాయమైనా రక్తం గడ్డకట్టేది కాదు. స్వీట్ క్లోవర్ అనే మేతమొక్కను సరిగ్గా ఎండబెట్టకపోవడం వల్ల బూజు పట్టి, ఆ బూజు మొక్కలోని కౌమరిన్‌ను, రక్తాన్ని గడ్డకట్టనివ్వని డైకౌమరాల్ అనే పదార్థంగా మార్చిందని తర్వాత తేలింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం దాన్ని విడదీసింది. ఆ పరిశోధన దారిలోనే వార్ఫరిన్ పుట్టి, 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది. మొక్క మామూలు మేతే, చెడగొట్టింది చెమ్మ. మీరు స్వీట్ క్లోవర్ జోలికి అసలు వెళ్లకండి. మిగతా ఆకుల విషయంలో ఈనె విరిగే దాకా ఓపిక పట్టండి.

బాగా ఎండి, గాలి చొరని సీసాలో, వెలుతురు తగలని చల్లటి చోట ఉంటే ఆరు నెలలు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఏడాది దాకా చెడిపోకపోవచ్చు గానీ రంగు, వాసన తగ్గిపోతాయి. కుందేలు మూతి తిప్పుకుంటుంది. సీసా మీద ఏ ఆకో, ఎప్పుడు ఎండబెట్టారో రాసి అంటించండి. నెల తిరిగేసరికి పుదీనా ఏదో మల్బరీ ఏదో మీకే గుర్తుండదు.

ఏ ఆకులంటారా, పుదీనా, కొత్తిమీర, బేసిల్, సోంపు ఆకు, క్యారెట్ ఆకులు, మల్బరీ ఆకులు, రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ, స్ట్రాబెర్రీ ఆకులు, డాండెలియన్ ఆకూ పువ్వూ, ఇవన్నీ బాగా ఎండుతాయి. పూలలో గులాబీ రేకులు, మందారం, చామొమైల్ పెట్టొచ్చు. రసాయనాలు చల్లని ఆపిల్ కొమ్మల పుల్లలు ఎండబెట్టి ఇస్తే గీరుకుంటూ కూర్చుంటాయి. పూలకొట్టు గులాబీలు మాత్రం వద్దు, తినడానికి పెంచినవి కావు, మందు కొట్టి ఉంటారు. పాలకూర, లెట్యూస్ లాంటివి పచ్చివే పెట్టండి, ఎండబెడితే మిగిలేది ఏమీ ఉండదు.

ఈ జాబితా మొత్తం పక్కన పెట్టేసినా నాకు నచ్చినది ఒకటుంది, గోధుమ గడ్డి లేదా ఓట్ గడ్డి. ట్రేలో గింజలు మొలకెత్తించి, వెన్ను తీయకముందే, జానెడు పొడవు పెరిగాక కత్తెరతో కోసి నీడలో ఎండబెట్టండి. తియ్యటి వాసన వస్తుంది, రంగు చెడదు. ఎంత తిన్నా అది గడ్డే కాబట్టి కొలత గురించి టెన్షన్ లేదు. కోసింది కత్తెరతోనే అయి ఉండాలి. లాన్ మూవర్ కోసిన గడ్డి ముక్కలు నలిగి, కుప్పలో వేడెక్కి, గంటల్లో పులిసిపోతాయి. అవి పచ్చిగానూ వద్దు, ఎండబెట్టీ వద్దు.

బయట కోసేటప్పుడు మొక్క పేరు నూటికి నూరుపాళ్లు తెలిస్తేనే కోయండి. గన్నేరు, ఉమ్మెత్త, లాంటానా, ఆముదం, లిల్లీలు, అవకాడో, టమాటా, బంగాళాదుంప మొక్కల ఆకులు, ఉల్లి వెల్లుల్లి జాతి, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. చెర్రీ, ప్లమ్, పీచ్ ఆకులు వాడిపోయే దశలో సయనైడ్‌ను వదులుతాయి, అవీ వద్దు. ఎండితే విషం విరిగిపోతుందని కొందరు నమ్ముతారు. గన్నేరు ఎండాకు పచ్చి ఆకు లాగే చంపుతుంది. ఇంకో చిక్కేమిటంటే, పచ్చిగా ఉన్నప్పుడు చేదుకు వదిలేసే మొక్కను కూడా ఎండాక జంతువులు గుర్తుపట్టక తినేస్తాయి. మేతలో కలిసిపోయిన ర్యాగ్‌వర్ట్ అనే విషపు కలుపు మొక్క గుర్రాల ప్రాణం తీసేది ఇలాగే. రోడ్డు పక్కన, పురుగుమందు కొట్టే చోట, కుక్కలు తిరిగే చోట కోయొద్దు. అడవి కుందేళ్లు తిరిగే చోట కూడా వద్దు. కుందేళ్లకు వచ్చే రక్తస్రావ వ్యాధి వైరస్ మహా మొండిది, ఎండబెట్టినంత మాత్రాన పోతుందన్న నమ్మకం లేదు.

ఇప్పుడు పండ్లు, బిస్కెట్లు. వంద గ్రాముల తాజా ఆపిల్‌లో చక్కెర సుమారు 10 గ్రాములు. అదే ఎండబెట్టిన ఆపిల్ వంద గ్రాముల్లో 50 గ్రాములు దాటుతుంది. ఎండు ఆపిల్ ముక్క ఇవ్వాలని మీకు మరీ మనసైతే, గింజలు తీసేసి, మూడు మిల్లీమీటర్ల మందాన కోసి, బాగా ఎండబెట్టి, బొటనవేలి గోరంత ముక్క, అదీ వారానికి ఒకటి రెండు సార్లు. అరటిపండు చిప్స్ ఇంకా తీపి, నేనైతే చేయను.

ఓట్స్, అరటిపండు, తేనె బిస్కెట్ అంటే పిండిపదార్థానికి చక్కెర, దానికి ఇంకో చక్కెర. కుందేలు పెద్దపేగు మొదట్లో సీకం అనే పెద్ద సంచి ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి దానికి బలం ఇస్తాయి. పిండి, చక్కెర అక్కడికి ఎక్కువగా చేరితే ఆ జీవుల సమతూకం చెడి, అక్కర్లేని బ్యాక్టీరియా పెరుగుతుంది. ముందు కనిపించేది వెనక భాగంలో అంటుకున్న మెత్తటి, కంపు కొట్టే పెంటికలు. క్యారెట్ ఆకారంలో, హృదయం ఆకారంలో చేసే ఆ బిస్కెట్లు మన ముచ్చట కోసమే. కుందేలుకు ఆకారంతో పనిలేదు.

గట్టిగా కరకరలాడేది ఏదైనా చేయాలని సరదాగా ఉంటే ఒక దారి ఉంది. కుందేళ్లు రోజూ తినే పెల్లెట్లనే (గుళికల మేత) పొడి చేసి, అంతకు సమానంగా ఎండాకుల పొడి కలిపి, తగినన్ని నీళ్లతో ముద్ద చేసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, తక్కువ వేడి మీద ఒవెన్‌లో రాయిలా గట్టిపడే దాకా ఆరబెట్టండి. మందంగా ఒత్తితే మధ్యలో చెమ్మ మిగిలి బూజు పడుతుంది. అందులో వాడిన పెల్లెట్లను ఆ రోజు కోటాలోంచి తీసేయాలి. రోజుకు కిలో బరువుకు 25 గ్రాముల పెల్లెట్లు మించకూడదని సాధారణ లెక్క, మీ రెంటికీ తలా 50 గ్రాములు పై హద్దు.

ఎండాకుల కొలత చెప్పాలంటే, మీ కుందేళ్ల బరువుకు రోజుకు తలా ఒక టేబుల్ స్పూన్ నలిపిన ఆకు చాలు, రెండు దాటొద్దు. ఒకే ఆకు రోజూ వద్దు. దీనికి కారణం కాల్షియం. మిగతా చాలా జంతువుల పేగులు కాల్షియంను ఒంటికి కావలసినంత మేరకే తీసుకుంటాయి. కుందేలు తిన్నదాంట్లో చాలా భాగం రక్తంలోకి లాగేసి, ఎక్కువైంది మూత్రంలో బయటికి పంపుతుంది. అందుకే దాని మూత్రం ఎండిన చోట తెల్లటి పొడి కనిపిస్తుంది. కొద్దిగా ఉంటే మామూలే. సున్నం కలిపినట్టు చిక్కగా వస్తున్నా, ముక్కుతూ పోస్తున్నా మూత్రాశయంలో మడ్డి చేరుతున్నట్టు అనుమానించాలి. కొత్తిమీరలా ఉండే పార్స్‌లీ ఆకు తాజాదైతే వంద గ్రాముల్లో కాల్షియం 140 మిల్లీగ్రాముల దాకా ఉంటే, ఎండు పార్స్‌లీలో 1,100 దాటుతుంది. పార్స్‌లీ, బేసిల్, డాండెలియన్ లాంటివి వారంలో రెండు మూడు రోజులకే పరిమితం చేసి, మిగతా రోజులు గడ్డి, మల్బరీ, పూల రేకులు వంతులవారీగా వేయండి. పెద్ద కుందేళ్లకు అల్ఫాల్ఫా (లూసర్న్) అనే మేతమొక్క ఎండు ఆకు తాయిలంగా కూడా వద్దు. ఇంకొకటి, పచ్చి ఆకు నీళ్లతో సహా కడుపులోకి వెళ్తుంది, ఎండాకు వెళ్లదు. గిన్నె నిండా నీళ్లు ఎప్పుడూ ఉండాలి. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా తాగడం మామూలే.

పెట్టే పద్ధతి మారిస్తే మీ గడ్డి సమస్య కూడా చాలావరకు సర్దుకుంటుంది. ఎండాకులు చేతిలోనో గిన్నెలోనో పెట్టకండి. పొద్దున వేసే గడ్డి కుప్పలో, పైపైన కాకుండా లోపలికి, నలిపి కలిపేయండి. వాసన గడ్డి అంతటికీ పడుతుంది. ఆకు వెతుక్కోవడానికి గడ్డిలో మూతి పెట్టాలి, పెట్టిన మూతి గడ్డి కొరకకుండా ఊరుకోదు. అట్ట గొట్టంలో గడ్డి కుక్కి, మధ్యలో రెండు మందార రేకులు దూర్చి ఇస్తే లాక్కోవడానికే అరగంట పడుతుంది. కట్టలు కట్టేటప్పుడు పొడవాటి గడ్డిపోచతోనే కట్టండి. దారం, రబ్బరు బ్యాండు, తీగ మింగితే ప్రమాదం. ఈ పద్ధతి కుదిరే దాకా మరే ట్రీటూ ఇవ్వకండి. బిస్కెట్ వస్తుందన్న ఆశ ఉన్నంతకాలం గడ్డి వైపు చూడవు.

కొత్త ఆకు ఏదైనా ముందు ఒకే రకం, రెండు మూడు ఆకులతో మొదలుపెట్టి, ఒకటి రెండు రోజులు పెంటికలు చూడండి. గుండ్రంగా, ఎప్పటి సైజులో, పొడిగా ఉంటే ఇంకాస్త పెంచొచ్చు. మెత్తబడితే ఆ ఆకు ఆపేసి గడ్డీ నీళ్ల మీదే ఉంచండి. రెండింటికీ ఒకే ఆకు పడాలని లేదు, ఒకదానికి పుదీనా ఇష్టమైతే రెండోది తొక్కేసి పోవచ్చు. రేపు పిల్లలేమైనా పుడితే పన్నెండు వారాలు నిండే దాకా వాటికి ఇవేవీ వద్దు. ఇక ఏ కుందేలైనా పది పన్నెండు గంటలుగా ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా, మూలన ముడుచుకుని కూర్చుంటే ఇంటి వైద్యం చేస్తూ తెల్లారే దాకా ఆగొద్దు. పేగులు ఆగిపోతున్న లక్షణం అది, రాత్రైనా సరే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు అంతకుముందు పెట్టిన ఆకు సీసా కూడా వెంట పట్టుకెళ్లండి.